కరిగిన కణితి మళ్ళీ ఎందుకు మొలుస్తుంది?

సంక్షిప్తంగా: కీమో మందు క్యాన్సర్ కణాన్ని గాయపరుస్తుంది. చావాలా, బతకాలా అన్నది ఆ కణం లోపలి యంత్రాంగమే తేలుస్తుంది. ఒకే కణితిలోని కణాలు ఒకే మందుకు వేర్వేరుగా స్పందిస్తాయి. బతికి మిగిలిన వాటిలో కొన్నింటికి జన్యువుల్లోనే మార్పు ఉంటుంది, మరికొన్ని కొంతకాలం నిద్రాణంగా ఉండి తప్పించుకుంటాయి. తిరగబెట్టిన క్యాన్సర్‌కు ఏ మందు ఇవ్వాలన్నది ఈ తేడా మీద చాలావరకు ఆధారపడుతుంది.

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి క్యాన్సర్ చికిత్స కోసం చెన్నై రైలెక్కే కుటుంబాలకు కొన్ని మాటలు త్వరగానే అలవాటవుతాయి: కీమో, విడత, కౌంట్లు, స్కాను. వాటితో పాటు ఒక నమ్మకం కూడా స్థిరపడుతుంది. గడ్డ తగ్గితే మందు పట్టిందని, మళ్ళీ పెరిగితే మందు ఒంటికి అలవాటైపోయిందని. మొదటి మాటలో నిజం ఉంది. రెండోది పొరపాటు. కీమోకు అలవాటు పడేది రోగి ఒళ్ళు కాదు. ఆరో విడతలో కూడా ఎముక మజ్జ, జుట్టు కుదుళ్ళు, నోటి లోపలి పొర దెబ్బతింటూనే ఉంటాయి. ఒంటికే అలవాటైతే ఈ బాధలు ముందుగా తగ్గాలి. మారినవి కణితిలో మిగిలిపోయిన కణాలు. అవి ఎలా మిగిలాయన్నది క్యాన్సర్ పరిశోధనలో అతి పాత ప్రశ్నల్లో ఒకటి. దాని మొదలు వెతుక్కుంటూ వెళ్తే మద్రాసులో చదువుకున్న ఒక తెలుగు శాస్త్రవేత్త పని దగ్గరికే చేరతాం.

తొలి మందు, తొలి ఎదురుదెబ్బ

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, 1923లో అమెరికా వెళ్ళారు. తర్వాతి కాలంలో లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నడిపించిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని, దాన్ని పోలిన రసాయనాలను తయారుచేసింది. అలాంటి వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చారు. 1948లో వెలువడిన ఆ ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించింది. అప్పటివరకు ఆ వ్యాధి సోకిన బిడ్డ కొద్ది వారాల్లో, నెలల్లో చనిపోవడం తప్ప మరో దారి లేదు.

అయితే ఆ మెరుగుదల తాత్కాలికం. వ్యాధి తిరగబెట్టింది, రెండోసారి మందు అంతగా పనిచేయలేదు. సుబ్బారావు ఆ సంవత్సరమే కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్ మాత్రం నేటికీ పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో వాడుకలో ఉంది. కణాలు మందును ఎలా తప్పించుకుంటాయో తెలుసుకోవడంలోనూ ఈ మందే పరిశోధకులకు పెద్ద ఆధారమైంది. ఆ సంగతికి వచ్చేముందు అసలు మందు కణాన్ని ఏం చేస్తుందో చూడాలి.

గాయం మందుది, నిర్ణయం కణానిది

కీమో మందులన్నీ ఒకే తీరున పనిచేయవు. మెథోట్రెక్సేట్ చూడటానికి ఫోలిక్ ఆమ్లంలా ఉండి, దాన్ని వాడుకునే ఎంజైముకు అడ్డంగా ఇరుక్కుంటుంది. కొత్త డీఎన్ఏ తయారీకి కావలసిన ముడిసరుకు కణానికి అందదు. సిస్‌ప్లాటిన్ డీఎన్ఏకు అతుక్కుని దాని పోగుల్లో ముడులు వేస్తుంది. మన పెరళ్ళలో పూసే బిళ్ళగన్నేరు నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్, కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరో వైపుకు లాగే సన్నని నాళికలను ఏర్పడనివ్వదు. పాక్లిటాక్సెల్ అదే నాళికలను విడిపోకుండా బిగించేస్తుంది.

వీటిలో ఏదీ కణాన్ని నేరుగా చంపదు. దెబ్బ తగలగానే కణంలోని కాపలా ప్రోటీన్లు మేలుకుంటాయి. వాటిలో ప్రధానమైనది పీ53. అది కణ విభజనను ఆపించి, మరమ్మతుకు వ్యవధి ఇస్తుంది. మరమ్మతు సాధ్యం కాకపోతే కణం తనను తాను చంపుకునే క్రమాన్ని మొదలుపెడుతుంది. ఈ ఆత్మవినాశన క్రమం ఆరోగ్యవంతమైన శరీరంలో కూడా రోజూ కోట్ల కణాల్లో జరిగేదే. కీమో చేసేది ఆ పాత యంత్రాంగాన్ని కణితిలో నడిపించడమే.

చిక్కు అక్కడే ఉంది. మనుషులకు వచ్చే క్యాన్సర్లలో సుమారు సగంలో పీ53 జన్యువు చెడిపోయి ఉంటుంది. కాపలాదారు లేని కణం గాయం తగిలినా విభజన ఆపకపోవచ్చు, చావకనూ పోవచ్చు. కొన్ని కణాలు మధ్యేమార్గంగా విభజన మానేసి, ముసలితనం లాంటి స్థితిలో బతికే ఉంటాయి.

వృషణాల క్యాన్సర్‌ను దీనికి పోలికగా తీసుకోవచ్చు. ఇతర అవయవాలకు పాకిన తర్వాత కూడా సిస్‌ప్లాటిన్ ఆధారిత చికిత్సతో అధిక శాతం రోగులు పూర్తిగా కోలుకునే అరుదైన క్యాన్సర్ అది. ఆ కణాల్లో పీ53 సాధారణంగా చెక్కుచెదరకుండా ఉంటుంది, డీఎన్ఏ మరమ్మతు సామర్థ్యం తక్కువ, చావు గడప దగ్గరే నిలబడి ఉన్నట్టుంటాయి. క్లోమ గ్రంథి క్యాన్సర్‌లో పరిస్థితి దాదాపు తలకిందులు. మందు ఎంత బలమైనదన్న ప్రశ్న కన్నా, కణం చావుకు ఎంత దగ్గరగా ఉందన్న ప్రశ్న ఎక్కువ సంగతులు చెబుతుంది. కీమో వేగంగా విభజన చెందే కణాలను చంపుతుందని పాఠ్యపుస్తకాల్లో కనిపించే ఒక్క వాక్యపు వివరణ ఈ కారణం వల్లే చాలదు.

రెండు గడియారాల పందెం

పరిశోధకుల పని ఎక్కువగా ప్లాస్టిక్ పళ్ళేల్లో సాగుతుంది. రోగి కణితి నుంచి ఎప్పుడో తీసి పెంచుతూ వస్తున్న కణాలను చిన్న చిన్న గుంతల్లో వేసి, మందు మోతాదు పెంచుకుంటూ పోయి, మూడు రోజుల తర్వాత ఎన్ని మిగిలాయో లెక్కపెట్టడం పాత పద్ధతి. ఇందులో సగటు తెలుస్తుంది, ఏ కణానికి ఏం జరిగిందో తెలియదు. నూటికి యాభై మిగిలాయంటే, అన్నీ సగం దెబ్బతిన్నాయా, లేక సగం చచ్చి సగానికి ఏమీ కాలేదా?

మైక్రోస్కోపుకు కెమెరా బిగించి కొన్ని నిమిషాలకోసారి ఫొటో తీస్తూ ఒక్కో కణాన్ని రోజుల తరబడి వెంటాడే పద్ధతి వచ్చాక ఈ ప్రశ్నకు జవాబు దొరికింది. మాంచెస్టర్‌లో గాస్కాయిన్, టేలర్ 2008లో ప్రచురించిన పని ఇందులో ముఖ్యమైనది. 15 రకాల క్యాన్సర్ కణాలకు విభజనను అడ్డుకునే మందులు ఇచ్చి చూశారు. ఒకే రకానికి చెంది, ఒకే పళ్ళెంలో, ఒకే మోతాదు అందుకున్న కణాల గతులు కూడా ఒక్కటిగా లేవు. కొన్ని విభజన మధ్యలో చిక్కుకుని చచ్చిపోయాయి. కొన్ని గంటల తరబడి చిక్కుకుని, చీలకుండానే జారిపోయి బయటపడ్డాయి. అలా బయటపడ్డవాటిలో కొన్ని తర్వాత చచ్చాయి, కొన్ని మళ్ళీ విభజన మొదలుపెట్టాయి.

దీనికి వారిచ్చిన వివరణ రెండు గడియారాల పందెం లాంటిది. చిక్కుకున్న కణంలో చావు సంకేతం కొద్దికొద్దిగా పోగవుతూ ఉంటుంది. అదే సమయంలో కణాన్ని విభజన స్థితిలో పట్టి ఉంచే సైక్లిన్ బి1 అనే ప్రోటీన్ కొద్దికొద్దిగా అరిగిపోతూ ఉంటుంది. చావు సంకేతం ముందుగా గీత దాటితే కణం చస్తుంది. సైక్లిన్ ముందుగా గీత కిందికి జారితే కణం తప్పించుకుంటుంది. రెండు గడియారాల వేగాల్లో కణానికీ కణానికీ ఉండే కొద్దిపాటి తేడాయే ఫలితాన్ని మార్చేస్తుంది. ఆ తేడా జన్యువుల్లో ఉండనక్కర లేదు. ఏ ప్రోటీన్ ఆ పూట ఎంత మోతాదులో ఉందన్నది చాలు.

పళ్ళెంలో చూసింది ఒంట్లోనూ జరుగుతుందని అనుకోవడానికి లేదు. రొమ్ము కణితుల్లోకి వాస్తవంగా చేరే పాక్లిటాక్సెల్‌ను 2014లో అమెరికా పరిశోధకులు కొలిచినప్పుడు, అది విభజనను పూర్తిగా ఆపేసేంత లేదని తేలింది. ఆ తక్కువ మోతాదులో కణం విభజన పూర్తి చేస్తుంది. కానీ రెండు వైపులకు బదులు మూడు, నాలుగు వైపులకు చీలి, క్రోమోజోములను అడ్డదిడ్డంగా పంచుకుని, ఆ తర్వాత చస్తుంది. దశాబ్దాలుగా వాడుతున్న మందు కూడా అనుకున్న దారిలో పనిచేయడం లేదని తేలడం చిన్న విషయం కాదు. ప్రయోగశాల ఫలితాన్ని రోగి కణజాలంలో సరిచూసుకోవాలని పరిశోధకులు పట్టుబట్టేది ఇందుకే.

శాశ్వతంగా మారినవి

తప్పించుకునే దారుల్లో మొదటి రకం స్థిరమైనది. కణం జన్యువుల్లోనే మార్పు ఉంటుంది, పిల్ల కణాలకూ అది సంక్రమిస్తుంది.

మెథోట్రెక్సేట్ కథ ఇక్కడ మళ్ళీ వస్తుంది. ఆ మందుకు లొంగని కణాల్లో అది అడ్డుకునే ఎంజైము మామూలు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండటం శాస్త్రవేత్తలకు కనిపించింది. 1978లో స్టాన్‌ఫర్డ్‌లో రాబర్ట్ షిమ్కీ బృందం దీని కారణాన్ని పట్టుకుంది. ఆ కణాలు సదరు ఎంజైము జన్యువుకు పదుల, వందల నకళ్ళు చేసుకున్నాయి. మందు అణువులు ఎన్ని ఎంజైములను పట్టుకున్నా, ఇంకా బోలెడు మిగిలే ఉంటాయి. ఆ నకళ్ళు కొన్ని కణాల్లో క్రోమోజోములోనే అతుక్కుని స్థిరంగా ఉన్నాయి. మరికొన్నింటిలో క్రోమోజోముల బయట చిన్న ముక్కలుగా తేలుతూ, మందు ఆపేస్తే క్రమంగా రాలిపోయాయి. మందు ఉన్నంతకాలమే వాటితో లాభం, లేనప్పుడు బరువు.

రెండో ఉదాహరణ పంపులది. 1976లో కెనడాలో జూలియానో, లింగ్ మందులకు లొంగని కణాల పొర మీద పీ-గ్లైకోప్రోటీన్ అనే పెద్ద ప్రోటీన్‌ను గుర్తించారు. లోపలికి వచ్చిన మందును బయటికి తోసేయడం దాని పని. డాక్సోరుబిసిన్, విన్‌క్రిస్టిన్, పాక్లిటాక్సెల్ వంటి ఒకదానికొకటి పోలిక లేని మందులను కూడా అది తోసేయగలదు. ఒక మందుకు లొంగకుండా పోయిన కణితి, ఎన్నడూ రుచి చూడని మరో మందుకు కూడా లొంగకపోవడానికి ఒక కారణం ఇదే. ఈ పంపు నడవడానికి కావలసిన శక్తి, కణానికి ఇంధనం లాంటి ఏటీపీ అనే అణువు నుంచి వస్తుంది. ఆ ఏటీపీని కండరాల నుంచి వేరుచేసి 1929లో లోకానికి చూపిన వారిలో ఫిస్కేతో పాటు సుబ్బారావు కూడా ఉన్నారు.

పంపును మూసేస్తే సరిపోతుంది కదా అన్న ఆలోచన సహజంగానే వచ్చింది. పళ్ళేల్లో అది బాగా పనిచేసింది. రోగుల్లో మాత్రం నిరాశే ఎదురైంది. ఆ పంపులు పేగుల్లో, కాలేయంలో, మెదడు రక్తనాళాల్లో విషాలను బయటికి నెట్టే కాపలాదారులు. వాటిని మూస్తే ఆరోగ్యకరమైన కణాల్లోనూ మందు పేరుకుని విషప్రభావం పెరిగింది. పైగా చాలా కణితుల్లో పంపు ఒక్కటే కారణం కాదు.

నిద్రలోకి జారి తప్పించుకునేవి

రెండో రకం ఇటీవలి రెండు దశాబ్దాల్లో ఎక్కువగా బయటపడింది. 2010లో అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ పరిశోధకులు ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలకు మామూలుగా చంపే మోతాదు కన్నా ఎంతో ఎక్కువ మందు ఇచ్చి చూశారు. దాదాపు అన్నీ చచ్చాయి, వెయ్యికి రెండు మూడు మిగిలాయి. ఆ మిగిలినవి విభజన దాదాపు మానేసి పడి ఉన్నాయి. మందు తీసేసి పెంచితే మళ్ళీ పెరిగాయి, అదే మందు మళ్ళీ ఇస్తే మొదటిసారి లాగే ఎక్కువ భాగం చచ్చిపోయాయి. జన్యువులో శాశ్వత మార్పు ఉంటే అలా జరగదు. అక్కడ వాడింది కీమో కాదు, క్యాన్సర్ కణంలోని ఒక నిర్దిష్ట ప్రోటీన్‌కు గురిపెట్టే లక్ష్యిత చికిత్స మందు. అయినా సిస్‌ప్లాటిన్ లాంటి కీమో మందులతోనూ ఇలాంటి కణాలు కనిపిస్తాయి.

2021లో టొరంటో పరిశోధకులు పెద్దపేగు క్యాన్సర్ మీద చేసిన పని దీన్ని మరింత లోతుకు తీసుకెళ్ళింది. కీమో ఒత్తిడిలో ఆ కణాలు చేరుకున్న స్థితి, కొన్ని క్షీరదాల పిండాలు కరువు కాలంలో ఎదుగుదలను తాత్కాలికంగా ఆపేసుకునే స్థితిని పోలి ఉందని వారు చూపారు. ఎండాకాలం చెరువు ఎండినప్పుడు బురదలో కూరుకుపోయి వాన కోసం కాచుకునే కప్పను తలపించే స్థితి అది. ఆ నిద్రలోకి జారే సామర్థ్యం ఏవో కొన్ని ప్రత్యేక కణాలది కాదు, ఆ కణితుల్లోని కణాలన్నింటికీ ఉన్నట్టు కనిపించింది.

కీమో మందుల్లో చాలావరకు కణం విభజన చెందుతున్నప్పుడే గట్టి దెబ్బ తీస్తాయి. విభజన ఆపేసిన కణానికి ఆ దెబ్బ తగలదు. స్కానులో ఏమీ కనిపించదు, రోగి బాగుంటారు. నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ళ తర్వాత అవి మేలుకుంటాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. నిద్రాణంగా గడిపిన కాలంలోనే కొన్ని కణాలు శాశ్వత మార్పులను సంపాదించుకునే వీలుంది. అలా రెండో రకం మొదటి రకంగా మారగలదు.

ముందే ఉన్నాయా, మందు వల్ల పుట్టాయా?

కీమో వేయించడం వల్లే రోగం మొండిబారిందన్న మాట రోగుల కుటుంబాల్లో వినిపిస్తూ ఉంటుంది. ఈ సందేహం శాస్త్రంలోనూ పాతదే. బాక్టీరియాలో వైరస్‌ను తట్టుకునే మార్పు వైరస్ తగిలాక వస్తుందా, ముందే అక్కడక్కడ ఉంటుందా అని 1943లో లూరియా, డెల్‌బ్రూక్ పరీక్షించారు. ముందే ఉంటుందని తేలింది. క్యాన్సర్ విషయంలో జవాబు ఇంత సూటిగా రాలేదు.

హ్యూస్టన్ పరిశోధకులు 2018లో వెలువరించిన అధ్యయనం ఇక్కడ బాగా ఉపకరిస్తుంది. రొమ్ము క్యాన్సర్లలో కష్టమైన ట్రిపుల్ నెగటివ్ రకం ఉన్న 20 మంది రోగుల కణితులను శస్త్రచికిత్సకు ముందు ఇచ్చే కీమోకు ముందూ తర్వాతా పరిశీలించారు. 10 మందిలో క్యాన్సర్ కణ సంతతులు తుడిచిపెట్టుకుపోయాయి, 10 మందిలో మిగిలాయి. మిగిలినవారిలో కొందరి కణాలను ఒక్కొక్కటిగా చదివి చూస్తే, మందును తట్టుకునే జన్యు మార్పులు చికిత్సకు ముందే కొద్ది కణాల్లో ఉన్నాయి. జన్యువుల పనితీరులో మార్పు మాత్రం, అంటే ఏ జన్యువు ఎంత బిగ్గరగా పలుకుతుందన్నది, కీమో తర్వాతే వచ్చింది. ముందే ఉన్న గింజ ఒకటి, మందు తడికి అది తొడుక్కున్న ఆకు మరొకటి. రెండు వాదాల్లోనూ నిజం ఉంది.

దీన్నిబట్టి కీమో మానుకోవడమే మేలని అనుకుంటే పెద్ద తప్పవుతుంది. మందు లేకపోతే లొంగే కణాలు, లొంగని కణాలు కలిసే పెరుగుతాయి. లొంగే కణాలను ఏరివేసే మందు ఒత్తిడి లేనంత మాత్రాన కణితి శాంతించదు.

గడ్డ కనబడకపోయినా విడతలు ఎందుకు?

మూడో విడతకే గడ్డ చేతికి తగలడం లేదని మిగతా విడతలు మానేసేవారికి ఈ లెక్క తెలియాలి. 1964లో హోవార్డ్ స్కిప్పర్ బృందం ఎలుకల రక్త క్యాన్సర్‌లో ఒక సూత్రాన్ని చూపింది. ఒక మోతాదు మందు చంపేది స్థిరమైన సంఖ్యలో కణాలను కాదు, స్థిరమైన వాటాను. సులువు కోసం ఒక కణితిలో 100 కోట్ల కణాలున్నాయని, ప్రతి విడతా 99 శాతాన్ని చంపుతుందని అనుకుందాం. మొదటి విడత తర్వాత 1 కోటి, రెండో దాని తర్వాత 1 లక్ష, మూడో దాని తర్వాత 1,000 మిగులుతాయి. స్కానుకు, చేతికి 1 కోటి నుంచే ఏమీ తెలియకపోవచ్చు. కంటికి ముగిసిపోయిన పోరు లోపల సగం కూడా ముగియలేదు. నిజమైన కణితిలో విడతల మధ్య కణాలు కొంత తిరిగి పెరుగుతాయి, చివర మిగిలేవి మొదటివాటి కన్నా మొండివి. కాబట్టి వాస్తవం ఈ లెక్క కన్నా కఠినంగానే ఉంటుంది.

విడతల మధ్య తరచూ కనిపించే మూడు వారాల ఎడం కూడా ఊరికే పెట్టింది కాదు. ఎముక మజ్జ కోలుకుని తెల్ల రక్తకణాలు మళ్ళీ పెరగడానికి అంత సమయం కావాలి. కౌంట్లు పడిపోయి వైద్యులు వాయిదా వేయడం వేరు, బాగానే ఉంది కదా అని ఇంట్లో వాళ్ళే వాయిదా వేయడం వేరు.

పలు మందులను కలిపి ఇవ్వడం వెనుక కూడా ఇదే తర్కం ఉంది. ఒక మందును తట్టుకునే మార్పు పది లక్షల కణాల్లో ఒకదానికి ఉంటే, వేర్వేరు దారుల్లో పనిచేసే రెండు మందులను ఒకేసారి తట్టుకునే కణం లక్ష కోట్లలో ఒకటి. 1979లో గోల్డీ, కోల్డ్‌మన్ ఈ ఆలోచనకు గణిత రూపం ఇచ్చారు. పిల్లల రక్త క్యాన్సర్ వైద్యులు అంతకు ముందే, 1960ల్లో, నాలుగు మందులను కలిపి వాడటం మొదలుపెట్టారు. వాటిలో మెథోట్రెక్సేట్ ఒకటి, విన్‌క్రిస్టిన్ ఒకటి. మన దేశంలో 1980ల నుంచి ముంబై, ఢిల్లీ కేంద్రాలతో పాటు చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ కూడా అనుసరించిన ఎంసీపీ-841 అనే చికిత్సా పద్ధతి ఈ కోవలోనిదే. దానితో పిల్లలు బతికి బట్టకట్టే అవకాశాలు మునుపటితో పోలిస్తే ఎంతో మెరుగుపడ్డాయి. కంటికి కనబడని శేషాన్ని కొలిచే పరీక్షలు కూడా రక్త క్యాన్సర్‌లో వచ్చాయి. పది వేల కణాల్లో ఒక్క క్యాన్సర్ కణమున్నా అవి పట్టుకోగలవు. ఆ శేషం ఉన్నవారికి చికిత్స తీవ్రత పెంచుతారు. రొమ్ము, పేగు లాంటి అవయవాల్లో వచ్చే గడ్డలకు ఇంత నమ్మదగిన కొలత ఇంకా అన్నిచోట్లా అందుబాటులో లేదు.

చెన్నైలో జరుగుతున్న పని, రోగి చేతిలోని కాగితం

ఏ కణితి ఏ మందుకు ఎలా స్పందిస్తుందో ముందే అంచనా వేయాలంటే మన రోగుల కణితుల జన్యు సమాచారం కావాలి. ఇప్పటివరకు ప్రపంచంలో పోగైన సమాచారంలో భారతీయుల వాటా చాలా తక్కువ. ఐఐటీ మద్రాస్‌లో జాతీయ క్యాన్సర్ కణజాల బ్యాంకు ఉంది. 2025 ఫిబ్రవరిలో ఆ సంస్థ భారత్ క్యాన్సర్ జీనోమ్ అట్లాస్‌ను విడుదల చేసింది. దేశవ్యాప్తంగా 480 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల నుంచి తీసిన 960 నమూనాల జన్యు సమాచారం అందులో ఉంది. ఇది పునాది. ఈ వ్యాసంలో చెప్పుకున్న ప్రశ్నలకు కావలసింది ఇంకొక మెట్టు పైది. ఒకే రోగి నుంచి చికిత్సకు ముందు ఒక నమూనా, కీమో తర్వాత మరొకటి, తిరగబెడితే ఇంకొకటి. తిరగబెట్టినప్పుడు వైద్యులు మళ్ళీ బయాప్సీ అడిగితే, తెలిసిన రోగానికి మళ్ళీ ముక్క ఎందుకని కుటుంబాలు వెనకాడతాయి. మొదటి ముక్కలో కనిపించిన రకం కణాలు చాలావరకు చికిత్సతో చచ్చిపోయాయి. ఇప్పుడు ఎదుర్కోవలసింది బతికి వచ్చినవాటిని.

శాశ్వతంగా మారిన కణాలకూ నిద్రాణంగా తప్పించుకున్నవాటికీ ఉన్న తేడాను కొత్త పరీక్షలేవీ లేకుండానే వైద్యులు వాడుకుంటున్న సందర్భం ఒకటి అండాశయ క్యాన్సర్‌లో ఉంది. సిస్‌ప్లాటిన్ లాంటి ప్లాటినం మందులతో కీమో ముగిసిన ఆరు నెలలలోపే వ్యాధి తిరగబెడితే, కణాలు ఆ మందుకు మొండిబారాయని భావించి సాధారణంగా వేరే మందుకు మారతారు. ఆరు నెలలు దాటాక తిరగబెడితే చాలామందికి మళ్ళీ ప్లాటినం మందే ఇస్తారు, గణనీయమైన భాగంలో అది మళ్ళీ పనిచేస్తుంది కూడా. మందు ఒంటికి అలవాటైపోతే అది సాధ్యమయ్యేది కాదు. ఆరు నెలల గీత కచ్చితమైన సరిహద్దు కాదనీ, ఎడం పెరిగే కొద్దీ అవకాశం పెరుగుతుందనీ వైద్యులకు తెలుసు. అయినా ఆ ఎడాన్ని లెక్కించడానికి రెండు తేదీలు కావాలి: చివరి కీమో ఎప్పుడు పడింది, వ్యాధి మళ్ళీ ఎప్పుడు కనబడింది. మొదటి చికిత్స సొంత జిల్లాలో జరిగి, రెండోసారి చెన్నైకి వచ్చినప్పుడు ఆ మొదటి తేదీ, ఇచ్చిన మందుల పేర్లు, ఎన్ని విడతలన్నది పాత ఆసుపత్రి డిశ్చార్జి కాగితంలోనే ఉంటాయి. కొత్త వైద్యులు ఫైలు తెరవగానే మొదట వెతికేది ఆ కాగితాన్నే.